శీకాయతో కడిగిన చేప

జనార్దనానికి ఒక పక్క పడిపోయి మాట పోయినప్పుడు, అన్నేళ్ళుగా కూడబెట్టుకున్న మాటలన్నిటిలో ఒక్కటి మాత్రం మిగిలింది. అదేమైనా దేవుడి పేరా అంటే కాదు. కన్నతల్లి పేరా అంటే కాదు. కట్టుకున్న భార్య పేరు అంతకన్నా కాదు. "మ్యాచింగ్."

మైలాపూరు మాడవీధి పక్క సందులో ఉన్న జాకెట్టు గుడ్డల దుకాణంలోనే ఆయన వయసంతా గడిచింది. ఎవరు చీర పట్టుకొచ్చినా కొంగు అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచి సరిగ్గా ఆ రంగు గుడ్డతాను లాగేవాడు. నమ్మకం లేని ఆడవాళ్ళు గుడ్డను వీధిలోకి తీసుకుపోయి ఎండలో పట్టి చూసేవాళ్ళు. "ఎండలో చూడండి, ట్యూబులైటు కింద చూడండి, పెళ్ళిపందిట్లో చూడండి, మ్యాచింగేనమ్మా" అని ఆయన లోపలినుంచి నవ్వేవాడు. తలలో రక్తనాళం మూసుకుపోయిన రోజు తక్కిన మాటలన్నీ కొట్టుకుపోయినా, అదొక్కటి మేకుకు చిక్కుకున్న గుడ్డపీలికలా ఉండిపోయింది.

కాఫీ కావాలంటే మ్యాచింగ్. దిండు సర్దమంటే మ్యాచింగ్. బాత్రూముకు పోవాలంటే కాస్త గట్టిగా మ్యాచింగ్. పరామర్శకు వచ్చినవాళ్ళు "ఎట్లుండాది ఒంట్లో?" అని అడిగితే కళ్ళనిండా నీళ్ళతో "మ్యాచింగ్" అనేవాడు. వాళ్ళు గంభీరంగా తలలూపి, కాఫీ తాగి, మెట్ల మలుపు దాకా ఓర్చుకొని అక్కడ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు అలివేలుకు వినిపించేది. ఆమె వాళ్ళను తప్పుపట్టలేదు. తానూ ఒకసారి బాత్రూములో కొళాయి తిప్పి పెట్టుకొని నవ్వింది. కొళాయి కట్టేశాక చూస్తే అది నవ్వుగా మిగల్లేదు, అది వేరే సంగతి.

ఆమె పూర్తి పేరు అలివేలుమంగ. పెళ్ళయిన కొత్తల్లో ఆయన, "అంత పొడుగు పేరు పిలిచే లోపల కాఫీ ఆరిపోతాది" అని ముందు భాగం తుంచేసి "మంగా" అన్నాడు. పుట్టింటివాళ్ళకు ఆమె అలివేలు. ఆయన అక్క పంకజానికి అలివేలు. పనిచేసే చోట అలివేలమ్మ. మంగ అనే మనిషి జనార్దనం నోట్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. ఆ నోరు మూతపడ్డాక ఆ మనిషి ఎటు పోయిందో అలివేలుకు తెలియలేదు. పక్షవాతం వచ్చిన కాలు గురించి, చెయ్యి గురించి అందరూ అడిగేవాళ్ళు. ఆమె బెంగ వాటి మీద లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆయన "మంగా" అంటే చాలు. ఇది పైకి చెప్పుకునే కోరిక కాదు. యాభై దాటిన ఆడది మొగుడు పేరు పెట్టి పిలవలేదని ఏడుస్తోందంటే ఎవరైనా ఏమనుకుంటారు?

ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి మొదటి రోజే చెప్పింది: "ఆయనతో మాట్లాడతానే ఉండండి. ఒకే మాట దగ్గరగా కూర్చొని మళ్ళీ మళ్ళీ చెప్పండి." వారం వారం రమ్మంది. కానీ ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించడానికి ప్రతిసారీ వీధిలో పోయేవాళ్ళను బతిమాలుకోవలసి వచ్చి, అది రెండు పోకలతోనే ఆగిపోయింది. మాట్లాడే బాధ్యత పంకజం తీసుకుంది. భర్త పోయినప్పటినుంచి ఆమె తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. మడి, నియమం, వెల్లుల్లి కూడా గడప దాటి లోపలికి రాని వంట. ఆమె ఫోనులో దేవుడి పేర్లు పెట్టి తమ్ముడి దిండు పక్కన ఉంచేది. పెరుమాళ్ళకు ఎన్ని పేర్లున్నాయో అన్నీ ఆయన చెవిలో పడేవి. ఆయన ఓపికగా ఆసాంతం విని, చివర "మ్యాచింగ్" అనేవాడు.

అలివేలు పని తరమణిలో. తిరుమయిలై స్టేషన్లో రైలెక్కి వెళ్ళి, ఒక పరిశోధనశాలలో గాజుసామాను కడిగి, ఆవిరి పెట్టెలో పెట్టి శుద్ధి చేసి ఇస్తుంది. అక్కడ కణాలకు పోసే ఆహారం గులాబీరంగు నీళ్ళలా ఉంటుంది. ఆయన బాగున్న రోజుల్లో ఆ రంగు ఎట్లా ఉంటుందో ఆమె చెప్పబోతే, "రాణీ పింకా? ఉల్లిపొరా? దానిమ్మ గింజా?" అని అడిగి అడిగి, మర్నాడు దుకాణంనుంచి ఒక గుడ్డముక్క తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని సీసా పక్కన పెట్టి చూసింది. కంటితో చూడని రంగుకు కూడా మ్యాచింగ్ కుదిరింది. ఆ ముక్క ఇప్పటికీ ఆమె పర్సులోనే ఉంది.

ఆ పరిశోధనశాలలో కార్తీక అనే పిల్ల డాక్టరేటు చేస్తోంది. మాధవరం పిల్ల. ఇంట్లో అవ్వ తెలుగు, స్నేహితులతో తమిళం. అందుకని మాట తెలుగులో మొదలుపెట్టి తమిళంలో దిగుతుంది. ఒకరోజు సూక్ష్మదర్శిని దగ్గర కూర్చొని ఉత్సాహం పట్టలేక, దగ్గర ఎవరూ లేకపోయేసరికి అలివేలునే పిలిచింది.

"ఆంటీ, రండి రండి. ఇది చూడండి."

అలివేలు ఒక కన్ను మూసి వంగింది. గుండ్రటి చుక్కలు, సగ్గుబియ్యం ఒలకబోసినట్టు.

"ఇవి మూలకణాలు ఆంటీ. ఇంకా ఏ ఉద్యోగంలోనూ చేరనివి. నరకణం అవుదామా, నరానికి కాపలా కాసే కణం అవుదామా అని చుమ్మా, ఊరికే కూర్చోనుండాయి."

"మా చిన్నాన్న కొడుకు మాదిరి."

"అదే! ఇప్పుడు ఈ గిన్నె చూడండి. దీంట్లో కొవ్వు ఆమ్లం కొంచెం కలిపినా. అంతే."

ఈ గిన్నెలోవి చుక్కలు కావు. ఒక్కొక్కదానికీ సన్నటి దారాలు మొలిచాయి. ఒక దారం పక్కదానికోసం చెయ్యి చాచింది. ఇంకొకటి అప్పటికే అందుకొని పట్టుకుంది. అలివేలు చాలాసేపు కన్ను తీయలేదు.

"ఇవన్నీ నరాలా?"

"నరకణాలు ఆంటీ. ఆ దారాల్లోనించే కదా మనం తలిచేది, మాట్లాడేది అన్నీ పోయేది. ఈ కొవ్వు పోస్తే ఎక్కువ కణాలు నరాలుగా మారతా ఉండాయి, దారాలు కూడా పొడుగ్గా పోతా ఉండాయి."

"ఏం కొవ్వమ్మా అది?"

"డీహెచ్‌ఏ అంటారు. చేపల్లో ఉంటుంది."

అలివేలు చటుక్కున సూక్ష్మదర్శినినుంచి ముఖం వెనక్కి తీసుకుంది, ఎంగిలి తగిలినట్టు. మెల్లిగా అడిగింది: "నెయ్యి పోస్తే రాదా?"

"నెయ్యిలో, పామాయిల్లో ఉండే కొవ్వు వేరే జాతి. అది ఎక్కువ పోస్తే ముడుచుకొని చచ్చిపోతాయి. చేపదీ అంతే, కొలత మించితే చంపుతుంది."

"మనిషికి పెడితేనో?"

కార్తీక నవ్వడం ఆపింది. ఆంటీ భర్త సంగతి ఆమెకు తెలుసు. "మనిషి వేరే ఆంటీ. ఇది గిన్నె. ఈడ కణం మీదే నేరుగా పోస్తాము."

మనిషి వేరే అనే మాట అలివేలు ఒక చెవితోనే వింది. రెండో చెవి ఇంకా ఆ దారాల దగ్గరే ఉంది. ఆ సాయంత్రం ఇంటికి పోగానే రేషను పామాయిలు కిందింటివాళ్ళకు ఇచ్చేసింది. భర్త అన్నంలో నెయ్యి మానేసింది. "పక్షవాతం మనిషికి నెయ్యి లేకుండా అన్నమా? ఎవురు చెప్పినారే నీకు ఈ శాస్త్రం?" అని పంకజం కేకలేసింది. ఎవరు చెప్పారో అలివేలు చెప్పలేదు. చెబితే రెండో మాట కూడా చెప్పాలి.

పరిశోధనశాల వెనక సందులో పొన్నుతాయి చేపల గంప పెట్టుకొని కూర్చుంటుంది. బొగ్గు బూడిద కలిసే ఏటి ఒడ్డు ఎన్నూరునుంచి వస్తుంది. అమ్మవైపు తెలుగు కనక, మనిషిని చూసి భాష మారుస్తుంది. అన్నేళ్ళుగా ఆ గంప దగ్గరికి రాగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని పరుగెత్తే మనిషి ఆవేళ ఆగడం చూసి పొన్నుతాయి కత్తి కింద పెట్టింది.

"ఏమక్కా, దారి తప్పినావా?"

"పిల్లికి చేప కావాల."

"ఏం పిల్లి?"

"మా ఇంట్లో పిల్లి."

"వయసెంత?"

అలివేలుకు అబద్ధం అలవాటు లేదు. యాభై నాలుగు అని నాలిక చివరిదాకా వచ్చింది. "పెద్దదే" అంది.

"అయితే మత్తి తీసుకో. పక్క వీధిలో పండుకోనుండే పిల్లి కూడా లేచి వస్తాది."

ఆ మత్తి చేపల నీచువాసన గంపనుంచి లేచి ముఖాన కొట్టింది. అలివేలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "వాసన తక్కువుండేది లేదా?"

"పిల్లికి వాసనే కదక్కా రుచి! సరే, ఇదిగో కిళంగాన్. జొరమొచ్చినోళ్ళకి పెట్టేది. మల్లెమొగ్గ మాదిరి ఉంటాది."

తెల్లగా, సన్నగా, పొడుగ్గా ఉంది. చేపల్లో కూడా మనవాళ్ళకు దగ్గరి చుట్టం ఉంటే ఇదే అయ్యుంటుంది అనుకుంది అలివేలు. "మీ ఏటి చేప కాదు కదా?"

"మా ఎన్నూరు ఏట్లో చేప తింటే నీ పిల్లి మ్యావ్ అనదు, బొగ్గు లారీ మాదిరి హారన్ కొడతాది. ఇది సముద్రం చేప, కాసిమేడు బోటులో వచ్చింది, బయపడొద్దు."

రెండోసారి పోయినప్పుడు అలివేలు, "ఉప్పు ఎంత వేయాల?" అని అడిగింది. పొన్నుతాయి ఆమె నుదుటి మీది నామం గీత వైపు, చేతిలో టిఫిను సంచి వైపు చూసింది. "పిల్లి రసం పోసుకొని తింటాదా, మజ్జిగ పోసుకొని తింటాదా అక్కా?" అంది.

అలివేలు తల వంచుకొని, "రసం" అంది.

పొన్నుతాయి నవ్వలేదు. చేపకు తల, తోక తీసి, నడుము చీల్చి ముల్లు కూడా తానే తీసి ఇచ్చింది. "పిల్లికి బాగయిపోతాదిలే. పసుపు, ఉప్పు వేసి కడుగు, చాలు."

చాలు అని పొన్నుతాయి అనుకుంది. తరతరాలుగా మాంసం ముట్టని ఇంటి కోడలికి పసుపూ ఉప్పూ ఎట్లా చాలుతాయి? పంకజం దీపాల వేళకు గుడికి పోగానే అలివేలు మేడ మీదికి ఎక్కేది. నీళ్ళ ట్యాంకు వెనక దాచిన సత్తు గిన్నె బయటికి తీసేది. నూనె జిడ్డు పోవడానికి ఆ ఇంట్లో ఒక్కటే మందు: శీకాయ. కుంది జిడ్డుకు శీకాయ, బాణలి జిడ్డుకు శీకాయ, తలకంటుకున్న నూనెకు శీకాయ. చేపకూ అదే. ఆ ముక్కలకు శీకాయ పొడి పట్టించి, రుద్ది, కడిగి, మళ్ళీ పట్టించి, వేళ్ళకు జారుడు తగలకుండా కరకరమనే దాకా కడిగేది. ఆ తరవాత ఉడకబెట్టేది. ఉడికిన నీళ్ళ మీద బంగారు చుక్కల్లా ఏదో తేలితే, ఇంకా మురికి పోలేదనుకొని ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడకబెట్టేది. లేని పిల్లిని చెప్పుకున్నందుకో ఏమో, కొన్నాళ్ళకు నిజం పిల్లులే మేడ మీదికి చేరాయి. పారబోసిన నీళ్ళు నాకి నాకి పట్టుబట్టలా నిగనిగలాడసాగాయి.

వాసనకు విరుగుడుగా ఊదొత్తులు గుత్తులుగా వెలిగించేది. గుడినుంచి వచ్చిన పంకజం ముక్కు ఎగరేసి, "ఏందమ్మే ఇన్ని ఊదొత్తులు? మేడ మీద ఎవురైనా స్వామి వెలిసినాడా?" అనేది.

ఆ తరవాతి పని అసలైన పని. చేపను మెత్తగా చిదిమి రసమన్నంలో కలిపి భర్త పక్కన కూర్చునేది. చెప్పకుండా పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. పుట్టి బుద్ధెరిగి తినని వస్తువు, ఏమిటో తెలియకుండా నోట్లో పెడితే అది మోసం. అవతలి గదిలో వదిన ఉంది. అందుకని ప్రతి ముద్దకూ ఆయన చెవి దాకా వంగి, చెంపకు చెంప తగిలేటంత దగ్గరగా చెప్పేది: "చేపండీ. చేప. ఎవురికీ చెప్పొద్దండీ."

చెప్పడానికి ఆయన దగ్గర ఉన్న మాట ఒకటే అని ఆమెకు ఆ కంగారులో తోచలేదు. మొదటి రోజు ఆయన ముద్ద నమిలి, కళ్ళు పెద్దవి చేసి ఆమెను చూసి, పెద్దమనిషి తీర్పు చెప్పినట్టు "మ్యాచింగ్" అన్నాడు.

ఆడి నెల పోయింది, ఆవణి పోయింది. పెరటాసి వచ్చింది. పెరటాసి శనివారం ఆ ఇంట్లో పెరుమాళ్ళకు తళిగ వేస్తారు. పులిహోర, వడ, దద్ధ్యోజనం దేవుడి ముందు కుప్పగా పోసి, బంధువులంతా కలిసి గోవింద కొట్టే పండగ. చేప గిన్నె ట్యాంకు వెనక బోర్లించి, అలివేలు తలస్నానం చేసి వచ్చింది. హాలు నిండా జనం. జనార్దనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి నడిమధ్యకు తెచ్చారు.

"జనా, గోవిందా అను నాయనా. ఒక్కసారి అను" అని పంకజం తమ్ముడి గడ్డం పట్టుకుంది.

"గోవిందా!" అన్నారు అందరూ.

అలివేలు పులిహోర ముద్ద తీసుకొని ఆయన నోటి దగ్గరికి వంగింది. ఆయన ముద్దను చూడలేదు. ఆమె ముఖం చూశాడు. పెదవులు ముడిచి, విప్పి, కొత్త రూపాయి గచ్చు మీద పడ్డట్టు స్పష్టంగా అన్నాడు:

"చేప."

అలివేలుకు ముందు సిగ్గు రాలేదు. మొదట వచ్చింది ఆనందం, ఒళ్ళంతా. ఆయన నోట్లో రెండో మాట పుట్టింది! ఆ తరవాత ఆ మాట ఏమిటో తెలిసివచ్చి చెవులు కాలిపోయాయి. ఆయనకేమో ఆగే ఉద్దేశం లేదు. చాలాకాలానికి దొరికిన మాట. "చేప" అన్నాడు మళ్ళీ, చుట్టూ చూసి సంతోషంగా.

ముసలి పినతల్లి ఒకావిడ కెవ్వుమంది. "మత్స్యావతారం! పెరుమాళ్ళే కనిపించినాడమ్మా బిడ్డకి!" అంతే, కర్పూరం వెలిగింది, గోవిందలతో ఇంటి కప్పు లేచిపోయింది. ఆయన కాళ్ళకు దండం పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. పంకజం ఒక్కతే గోవింద కొట్టలేదు. ఆమె అలివేలు ముఖం చూస్తోంది.

బంధువులు పోయాక పంకజం మోకాళ్ళు పట్టుకుంటూ మేడ ఎక్కింది. నిగనిగలాడే పిల్లులు ఆమెకు స్వాగతం చెప్పాయి. సత్తు గిన్నె చేత్తో పట్టుకోకుండా కొంగుతో పట్టుకొని దిగింది.

"ఇదేనా మీ మత్స్యావతారం?"

అలివేలు గోడకు ఆనుకుంది. "వదినా..."

"నా తమ్ముడికి పెట్టినావా? మా నాయన అన్నం తిన్న తట్టలో?"

"తట్ట వేరే పెట్టినాను వదినా. ఆ కొవ్వుతో నరాలు మొలుస్తాయి. మా లాబులో నేను కండ్లారా చూసినాను. దారాలు మాదిరి..."

"చూసినావా?" పంకజం గొంతు ఉన్నట్టుండి పడిపోయింది. గిన్నె కింద పెట్టి, తమ్ముడి గది వైపు చూసింది. ముక్కు చీదుకుంది. "దాంతోనే మాట వచ్చిందా?"

"వచ్చింది కదా వదినా. మీరే విన్నారు."

"ఈ నెల పోనీ" అంది పంకజం చివరికి. "పెరటాసి పోయినాక వండుకో. వీధి తలుపు మూసుకో. నాతో చెప్పొద్దు."

సోమవారం అలివేలు రైల్లో నిలబడలేకపోయింది. కార్తీక ఇంకా సంచి దించకముందే ఎదురుపోయి అంతా చెప్పేసింది. కార్తీక నిజంగానే ఎగిరి ఆమె చేతులు పట్టుకుంది. తరవాత, చదివిన పిల్ల కదా, ఏ చేప, ఎట్లా వండారని అడిగింది. కిళంగాన్ అనగానే, "అది చాలా ఒట్టి చేప ఆంటీ, కొవ్వే ఉండదు. మత్తి అయుంటే..." అంది. శీకాయ సంగతి విని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఉడికిన నీళ్ళు పారబోసిన సంగతి విని కుర్చీలో కూర్చుంది.

"అయితే ఉండేది కూడా పిల్లులకే పోయింది ఆంటీ. ఆయనకు దాంట్లో ఏమీ పోయుండదు. పోయున్నా, తిన్న చేప మాట తెస్తుందని ఎవురూ రుజువు చేయలేదు. నేను ఆ పొద్దే చెప్పినా కదా, మనిషి వేరే అని."

"మాట వచ్చింది కదమ్మా?"

కార్తీక మెల్లిగా చెప్పింది. "చేప వల్ల కాదు ఆంటీ. మీ వల్లే వచ్చింది. దెబ్బతిన్న చోటి పక్కన ఉండే మెదడు కొంచెం కొంచెం పని నేర్చుకుంటుంది. దానికి ఒకే మాట మళ్ళీ మళ్ళీ వినాల. మీరు దినామూ ఆయన చెవిలో ఏ మాట చెప్పినారో, అదే ఆయన అన్నారు."

అలివేలు అక్కడున్న గాజు గిన్నె ఒకటి తీసి చీరకొంగుతో తుడవసాగింది. అట్లా తుడవకూడదని ఆమె కొత్తవాళ్ళకు నేర్పుతుంది.

"ఇంకో మాట చెప్పుంటే, ఆ మాట వచ్చుండునా?"

"వచ్చుండచ్చు ఆంటీ."

ఆడి, ఆవణి, రెండు నెలలు. చెంపకు చెంప ఆనించి, ఊపిరి తగిలేటంత దగ్గర కూర్చొని, ఆమె చేప గురించి చెప్పింది. తన పేరు తాను చెప్పుకోవాలని తోచలేదు. తోచినా ఎట్లా చెబుతుంది? మొగుడికి తన పేరు తాను గుర్తుచేసే ఆడది ఎక్కడైనా ఉంటుందా?

ఆమె మళ్ళీ చేప కొనలేదు. ఆ సాయంత్రంనుంచే పాఠం మార్చింది. మొదట గిన్నెలు కడిగే తొట్టి దగ్గర కొళాయి హోరులో సాధన చేసింది. "మంగ." సొంత పేరు అంత సిగ్గుగా ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. తరవాత ఆయన పక్కన కూర్చొని చెవిలో చెప్పింది.

"మంగ."

ఆయన ముఖం వెలిగింది. "చేప" అన్నాడు.

"చేప కాదండీ. మంగ."

"చేప."

మొదట్లో ఇద్దరూ నవ్వుకున్నారు. రోజులు గడిచేకొద్దీ ఆమెకు నవ్వు తగ్గింది. ఆయన పెదవులు వేళ్ళతో పట్టి మూసి, "మ... మ..." అని చూపించేది. ఆయన కళ్ళు ఆమె కళ్ళలో పెట్టి అంత ప్రయాసా పడి, చివరికి అదే మాట అనేవాడు. ఒకనాడు పనిలో అలసిపోయి వచ్చి, "చేప కాదన్నానా! ఎన్నిసార్లు చెప్పాల?" అని కసిరింది. ఆయన నోరు మూసుకున్నాడు. ఆ సాయంత్రం మ్యాచింగ్ అని కూడా అనలేదు.

ఐప్పసి వానల్లో, ఆమె పనిలో ఉన్న మధ్యాహ్నం, ఆయనకు పక్షవాతం రెండోసారి వచ్చింది. ఫోను అందుకొని, మోకాలి లోతు నీళ్ళలో నడిచి ఆమె ఇల్లు చేరేసరికి దిండు పక్కన దేవుడి పేర్లు కూడా ఆగిపోయి ఉన్నాయి.

కర్మలన్నీ అయ్యాక, ఇల్లు కడిగి వదినా మరదళ్ళిద్దరూ వంటింటి గడప దగ్గర కూర్చున్నారు. పంకజం కాళ్ళు చాపుకొని, గోడతో చెబుతున్నట్టు చెప్పింది.

"నీతో అనకూడదనుకున్నా అలివేలూ. వాడికి ఆ పాడు వస్తువు మీద ఎంత ఆశ పుట్టించినావే. నువ్వు పొద్దున చెప్పులేసుకుంటా ఉంటే మొదలుపెడతాడు. తలుపు పక్క చూసి, చేపా, చేపా అని ఒకటే పిలుపు. పగలంతా అంతే. సాయంత్రం మెట్ల మీద నీ అడుగు వినబడితే చాలు, గమ్మునైపోతాడు. ఈడ చేప యాడుందిరా అంటే వినడు, తలుపే చూస్తాడు." కళ్ళు తుడుచుకుంది. "ఆ దినం కూడా తలుపు పక్కే చూసినాడు. చేపా అన్నాడు. అంతే. ఒక ముక్క పెట్టుండాల్సింది కదా పాపం, పెరటాసి కూడా అయిపోయిందే అని ఇప్పటికీ నాకు..."

అలివేలు లేచి మేడ మీదికి పోయింది. వాన వెలిసిన గచ్చు మీద పిల్లులు కూర్చొని ఉన్నాయి. చేప కాదండీ, కాదండీ, కాదన్నానా. ఎన్నిసార్లు తనను పిలిచాడో, ఎన్నిసార్లు కాదందో.

మళ్ళీ పనికి పోయిన మొదటి రోజు వెనక సందులోనుంచి నడుస్తోంది. పొన్నుతాయికి ఏ సంగతీ తెలియదు. ఇన్నాళ్ళకు కనబడిందన్న సంతోషంతో గంప దగ్గరినుంచే గట్టిగా అమ్మకపు కేక వేసింది.

"చేపా!"

"ఆఁ, వస్తన్నానండీ" అని అలివేలు వెనక్కి తిరిగింది.